పడమటి వైపు చెట్లు లేని ఇల్లు

అరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా కుస్తోదియో లెవికాన్‌కి ఊరు ఎంచుకునే అవసరం పడలేదు. మనిషి ఊరిని ఎంచుకోవడం పట్నంవాళ్ల సరదా అనేవాడు అతని తండ్రి. గుర్రం ఎక్కడ అలిసిపోతే అక్కడ దిగడమే తమలాంటివాళ్లకు తెలిసిన విద్య. ఆ తండ్రి గుర్రం అలిసిపోయిన కాలంలో ఆండీస్ కొండల మధ్య నేల కావాలంటే ముందు అడవి కొట్టి చూపించాలి. కొట్టాలంటే ఒక జన్మ చాలదు, అందుకని అందరూ నిప్పు పెట్టారు. ఆ వేసవుల్లో సూర్యుడు నెలల తరబడి మాడిన చెంబు అడుగులా కనబడేవాడట. కాలిన మొద్దులు ఇప్పటికీ కొండవాలుల మీద ఎముకల్లా తెల్లగా పడి ఉన్నాయి, గొర్రెలు వాటి చుట్టూ తిరిగి మేస్తాయి. తండ్రి అలా అడవిని కాల్చి పట్టా సంపాదించాడు, సంపాదించిన పట్టాను మూడు రాత్రుల పేకాటలో పోగొట్టాడు. కొడుక్కి మిగిలింది, కాలకుండా మిగిలిన అడవి. దాన్ని కట్టెలు కొట్టి కొయాయికే పట్నంలో ఇంటింటికీ అమ్ముకుంటూ నలభై మూడేళ్లు గడిపాడు. మొదట ఎడ్లబండి మీద, తరవాత ఒక పాత లారీలో.

కట్టె విషయంలో అతన్ని మించినవాడు ఆ పట్నంలో లేడు. రెండు దుంగలు తీసుకుని ఒకదాని మీద ఒకటి కొట్టేవాడు. ఎండుకట్టె అయితే ఖంగుమంటుంది, పచ్చిదైతే తడిసిన చెప్పుతో గోడను కొట్టినట్టు చప్పగా పలుకుతుంది. కళ్లు మూసుకుని లెంగా కట్టెకీ నిర్రే కట్టెకీ తేడా చెప్పేవాడు, పొగ వాసనను బట్టి ఏ ఇంట్లో ఎవరు అమ్మిన కట్టె కాలుతోందో కూడా చెప్పేవాడు. అయితే ఎప్పుడూ పచ్చికట్టె అమ్మలేదా అంటే, అమ్మాడు. ఆ దేశంలో చలి ముదిరే జూన్ నెల సగమయ్యేసరికి ఎండుకట్టె నిండుకునేది. మంచులో గుమ్మం ముందు నిలబడి ఒక తల్లి ఏదో ఒకటి వెయ్యండి అంటే ఎవడు వెయ్యకుండా పోతాడు? అది పొయ్యిలో ఏడుస్తుంది, బుసకొడుతుంది, చిమ్నీలోంచి నల్లగా కక్కుతుంది. అయినా వెచ్చగానే ఉంటుంది. అమ్మినవాడికీ కొన్నవాడికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు.

అతని భార్య జునిల్దా. పెద్ద సరస్సు అవతల, గడ్డి తప్ప మరొకటి మొలవని గాలి మైదానంలో పుట్టిన పిల్ల. పంతొమ్మిదో ఏట పెళ్లి చేసుకుని పట్నానికి వచ్చింది. ఉన్ని వడికేది, స్వెటర్లు అల్లేది. పుట్టిన ఒక్క పిల్లాడూ మూడో నెలలో పోయాక ఇద్దరూ ఒకరినొకరు "ముసలాయనా", "ముసలీ" అని పిలుచుకోవడం మొదలుపెట్టారు, అప్పటికి వాళ్లకు పాతికేళ్లు కూడా నిండలేదు. పట్నం అంతా ఒక గిన్నెలాంటి లోయలో ఉంటుంది. చలికాలం పొద్దున పొగ ఆ గిన్నెలోంచి బయటికి పోదు. ఆ పొగలో నలభై ఏళ్లు పొయ్యి ముందు కూర్చుని అల్లిన మనిషికి దగ్గు రావడం వింత కాదు. రాత్రంతా వచ్చే దగ్గు పగలు కూడా రావడం, మెట్టు మెట్టుకీ ఆగి గోడ పట్టుకోవడం మొదలయ్యాక ఆస్పత్రికి వెళ్లారు.

డాక్టరు చిన్నపిల్ల, ఉత్తరం నుంచి వచ్చింది. ఫొటో చూసి, ఊపిరి పరీక్ష చేసి, జునిల్దాను బయట కూర్చోమని ఇతన్ని ఒక్కణ్ణే ఉంచింది.

"దోన్ కుస్తోదియో, మందులు రాస్తాను, వాడండి. కానీ మందు ఇది కాదు. ఈ ఊరి పొగలో ఇంకో చలికాలం ఆవిడ గడపకూడదు. మళ్లీ చలి వచ్చేలోగా ఎక్కడికైనా వెళ్లిపోండి."

"ఎక్కడికి డాక్టరమ్మా?"

"గాలి బాగున్న చోటికి," అంది ఆమె, కాయితం మీద ఏదో రాసుకుంటూ.

గాలి బాగున్న చోటు. ఆ మాట ఆ పిల్ల ఒక అర్థంలో అంది, ఇతను ఇంకో అర్థంలో విన్నాడు. అందులో ఎవరి తప్పూ లేదు. దక్షిణ అమెరికా కొసన ఆ పటగోనియాలో పుట్టిన ఎవడైనా, గాలి బాగుండడం అంటే గాలి లేకపోవడమనే అనుకుంటాడు.

ఊళ్లు ఎంచుకోవడం గురించి లోకంలో చాలా పుస్తకాలు వచ్చాయి. నీళ్లెలా ఉన్నాయో చూడమన్నవాళ్లున్నారు, శ్మశానంలో రాళ్ల మీద వయసులు చదవమన్నవాళ్లున్నారు, రొట్టె రుచి చూసి చెప్పవచ్చన్నవాళ్లున్నారు. అవన్నీ డబ్బున్నవాళ్ల కొలతలు. లేనివాడి కొలత వేరు: అద్దె ఎంత, కట్టె ఎంత, దగ్గరలో నర్సు ఉందా లేదా. అద్దె సంగతి ఆలోచించక తప్పని స్థితి వాళ్లది. బయటి నుంచి వచ్చినవాళ్లు పట్నంలో ఇళ్లన్నీ కొంటున్నారు, ఇంటాయన అద్దె ఏటేటా ఒక మెట్టు ఎక్కిస్తున్నాడు. ఎలాగూ పోవలసిందే, ఇప్పుడు తొందరగా పోవాలి, అంతే.

ఉత్తరాన తల్కాలో ఉన్న మేనకోడలు తన దగ్గరికి వచ్చెయ్యమంది. అక్కడ ఎండాకాలం తారు కరుగుతుందని విన్న జునిల్దా, "పెనం మీంచి తీసి పొయ్యిలో వెయ్యాలని చూస్తోంది నా కోడలు" అని ఆ మాట అక్కడితో ముగించింది. చలి లేని చోట చావడం కూడా వాళ్లకు ఏదో పరాయి పనిలా అనిపించింది.

కుస్తోదియో మాంసం కొట్టువాడిచ్చిన క్యాలెండరు చించి, వెనక వైపు ఊళ్ల పేర్లు రాశాడు. సముద్రపు చీలికల వైపు ఊళ్లు కొట్టేశాడు, అక్కడ ఏడాదిలో ముప్పాతిక భాగం వాన, దగ్గే మనిషికి చెమ్మ విషం. టూరిస్టుల ఊళ్లు కొట్టేశాడు. నర్సు లేనివి, ఉన్నా నెలకోసారి పడవలో వచ్చేవి కొట్టేశాడు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెద్ద సరస్సు ఒడ్డున పుయెర్తో రదాల్, రెండోది కొండల మధ్య లోయలో ఎల్ రెమాన్సో. రెండు చోట్లా ఇళ్లు చవక. లారీ అమ్మితే ఏదో ఒక చోట రెండు గదుల ఇల్లు సొంతానికే వస్తుంది.

జునిల్దా కాయితం చూసి రదాల్ మీద వేలు పెట్టింది. "మా అమ్మ ఊరికి అరరోజు ప్రయాణం. అక్కడ గాలుంటుంది."

"గాలి కావాలని ఎవరైనా అడుగుతారుటే, ముసలీ?" అని నవ్వాడతను.

అతని నవ్వు అర్థం కావాలంటే ఆ దేశపు గాలి తెలియాలి. పడమట మహాసముద్రం మీద పుట్టి, మంచుకొండలు దాటి, అడ్డంలేని మైదానం మీద పడుతుంది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆగదు. కుక్కలు దానికి వీపు తిప్పి నడుస్తాయి. కప్పు రేకుల మీద బండరాళ్లు పెట్టి తీగతో కడతారు, అయినా పొరుగువాడి రేకు తెల్లారేసరికి మన పెరట్లో ఉంటుంది. అందుకే ఆ ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఒక ఇల్లు నిలబడితే, చలి తగ్గిన మొదటి ఆదివారం చుట్టుపక్కలవాళ్లందరూ పోప్లార్ అనే పొడుగాటి చెట్టు కొమ్మ తలా ఒకటి కోసి, తడిగోనెలో చుట్టి పట్టుకొస్తారు. ఇంటికి పడమట, గాలికి అడ్డంగా, వరసగా పాతుతారు. ఇంటివాళ్లు గొర్రెను కాల్చి పెడతారు. ఏ కొమ్మ ఎవరు తెచ్చారో ఆ పేరే చెట్టుకి ఉండిపోతుంది. మనిషి పోయినా ముప్పై ఏళ్లపాటు ఫలానా రొసెందో ఆకులు రాల్చాడని, ఫలానా కార్మెలా ఈ ఏడు ఎండిపోయిందని అనుకుంటూనే ఉంటారు. దూరం నుంచి చూస్తే ఊళ్లు కనబడవు, ఆ చెట్ల వరసలే కనబడతాయి.

మార్చి నెలలో అతను ముందు రదాల్ వెళ్లాడు. ఆరుగంటలు బస్సు. దిగీ దిగగానే నెత్తి మీది టోపీ గాలికి పోయింది, దాని వెంట ఒక వీధి పొడవునా పరుగెత్తి కంచె దగ్గర పట్టుకున్నాడు. బస చేసిన ఇంటావిడ దోన్యా ఎర్సీరా, భర్త పోయిన మనిషి, ఎముకలు బలిసిన పెద్ద ఆకారం, గుమ్మంలో నిలబడి ఆ పరుగంతా చూసింది.

"మొదటి రోజే పట్టుకున్నారు, అదృష్టవంతులు. మా ఆయన టోపీ ఇరవై ఏళ్ల కింద పోయింది, ఇప్పటికి సరిహద్దు అవతల అర్జెంటీనాలో ఎవడో పెట్టుకుంటూంటాడు," అంది.

రొట్టెలో ఇసక తగిలింది. కట్టె కోసం అడిగితే, ఊళ్లో చెట్టే లేదు, ఎక్కడో కొండల నుంచి రావాలి, పట్నం కన్నా రెట్టింపు. ఆమె పొయ్యి పక్కన ఉన్న కట్టెలు ఒక చంకలోకి వచ్చేటన్ని ఉన్నాయి, ఒక్కో పుల్లా ఆలోచించి వేసేది. రాత్రంతా ఇల్లు ఓడలా మూలిగింది. పక్కనే అమ్మకానికున్న ఇంటి పడమటి చెట్లు పాతకాలంలో ఎండిపోయి మోడులై ఉన్నాయి. ఇక్కడ మనుషులు ఉండరు, వేలాడతారు, అని క్యాలెండరు మీద ఆ పేరు కొట్టేసి మరునాడే బస్సెక్కాడు.

ఎల్ రెమాన్సో చేరేసరికి సాయంత్రమైంది. బస్సు దిగి అతను కాసేపు ఊరికే నిలబడ్డాడు. తన చెవుల్లో ఏదో తేడాగా ఉంది. తరవాత తెలిసింది, చప్పుడు లేదు. ఊరంతా నూట అరవై ఇళ్లు, చుట్టూ అడవి, ఏ ఇంటికీ పడమట పోప్లార్ వరస లేదు. అరవై ఎనిమిదేళ్లలో పోప్లార్ లేని ఊరు చూడడం అతనికి అదే మొదలు. ప్రతి చూరు కిందా కిటికీల దాకా పేర్చిన లెంగా కట్టె. రెండు దుంగలు తీసి కొట్టి చూశాడు. గుడిగంటలా పలికాయి. ఒక చిమ్నీలోంచి పొగ దారం వేలాడదీసినట్టు నిటారుగా ఆకాశంలోకి పోతోంది, ఎక్కడా వంకర లేదు.

ఇల్లు అమ్మే దోన్ నొలాస్కో సన్నటి ముసలాయన, మాటల పోగు. గుమ్మం ముందు బల్ల మీద కూర్చోబెట్టి ఎండిన సొర బుర్రకాయలో మాతె ఆకు కషాయం పోసిచ్చాడు. ఆ చేదునీళ్లు గొట్టంతో పీల్చి ఇతను బుర్రకాయ వెనక్కి ఇచ్చినప్పుడల్లా ఆయన ఒక గొప్ప చెప్పాడు. "మా ఊళ్లో అగ్గిపుల్ల గీస్తే వేళ్లు కాలేదాకా ఆరదండీ," అన్నాడు. "గాలిని చూడాలంటే మా పిల్లలు బస్సెక్కి వెళ్లాలి."

"ఒక్క చెట్టూ నాటలేదు మీరు," అన్నాడు కుస్తోదియో, నమ్మలేనట్టు.

"దేనికి?"

ఆ ఒక్క మాటకే ఇల్లు కొన్నాడని చెప్పాలి. ఏళ్ల తరబడి లారీ తలుపు గాలికి విరక్కుండా ఒక కాలితో తన్నిపెట్టి దిగిన మనిషి. చేతులు కలిపాడు.

తిరిగొచ్చి జునిల్దాకి అన్నీ చెప్పాడు. కట్టె, నర్సు, రెండు కిటికీలు, కోళ్లకు చోటు. ఆమె ఉన్ని చుడుతూ విన్నది.

"అక్కడ గాలి ఎటునుంచి వస్తుంది?"

"గాలే రాదు. అదేగా చెప్తున్నది."

"మరి పొగ ఎటు పోతుంది, ముసలాయనా?"

"పైకి. దారంలాగ. నా కళ్లతో చూశాను." తరవాత, ఆమె మొహం చూసి, కాస్త ఓపికగా చెప్పాడు. "ఇక్కడ పదిహేను వేల పొయ్యిలు. అక్కడ నూట అరవై. అదీ ఎండుకట్టె. నూట అరవై పొయ్యిలు ఏం చేస్తాయి?"

ఆమె ఉండ పూర్తిగా చుట్టి, కొస లోపలికి దోపింది. "కట్టె సంగతి నీకు తెలుస్తుందిలే," అంది.

అంతకన్నా గట్టిగా ఎందుకు అడగలేదో తరవాత అతను చాలాసార్లు ఆలోచించాడు. నలభై తొమ్మిది చలికాలాలు అతను తెచ్చిన కట్టెతో చలి కాచుకున్న మనిషి ఆమె. ఆ ఒక్క విషయంలో అతని మాట కాదనడం ఆమెకు అలవాటు లేదు.

మే నెలలో లారీ అమ్మేశాడు. కొన్న కుర్రాడు దాన్ని వీధి మలుపు తిప్పుతూ రెండో గేరు విరిచేశాడు, ఆ చప్పుడు విని ఇతను తల తిప్పుకున్నాడు. ఎల్ రెమాన్సోలో మొదటి మూడు వారాలు మంచిగా గడిచాయి. జునిల్దా దగ్గు తగ్గింది, లేదా తగ్గిందని ఇద్దరూ అనుకున్నారు. దోన్ నొలాస్కో ఒక కోడిని తెచ్చాడు. పోప్లార్ కొమ్మలు ఎవరూ తేలేదు, అక్కడ ఆ ఆచారమే లేదు. ఆమె ఒకసారి "ఎవరి పేరూ లేని ఇల్లు" అంది, అతను పట్టించుకోలేదు.

జూన్‌లో గడ్డకట్టే రాత్రులు మొదలయ్యాయి. చలి బరువైంది, అది కొండల మీంచి జారి లోయ అడుగుకి దిగి అక్కడే పడుకుంటుంది. ఆ ఊరి పొగ మార్చిలో నిటారుగా ఎందుకు పోయిందో జూన్‌లో తెలుస్తుంది: దాన్ని ఇంకోచోటికి తీసుకుపోయేవాడు లేడు. చిమ్నీ దాటి ఒక మనిషి ఎత్తు లేస్తుంది, చలి తగలగానే ఆగి, పక్కకి పరుచుకుని, పాల మీద మీగడ కట్టినట్టు కప్పుల మీద కట్టేస్తుంది. మీగడ రోజురోజుకీ మందమవుతుంది. ఎండుకట్టె పొగ తెల్లగా ఉంటుంది, అందుకే ఊరివాళ్లు దాన్ని మంచు అంటారు. తాతల నాటి నుంచి మంచు అనే అంటున్నారు. కుస్తోదియో కూడా మంచు అనే అన్నాడు. ఉదయం తొమ్మిదింటికి గాని తెల్లారదు, అప్పటికే అతను చూరు కింద కట్టె చీలుస్తూ ఉండేవాడు, చాలా ఏళ్ల తరవాత తన కోసం తాను చీల్చుకోవడంలో ఒక సుఖం ఉంది. జునిల్దాకి వెచ్చగా ఉండాలని పొయ్యి ఎప్పుడూ ఎర్రగా ఉంచేవాడు.

ఆమె పదింటికల్లా ఫ్లాస్కూ బుర్రకాయా తీసుకుని బయటికి వెళ్లేది. నొలాస్కో చెల్లెలితో కబుర్లకి అని అతను అనుకున్నాడు, ఆమె కాదనలేదు. కొత్త ఊళ్లో తోడు దొరికిందని సంతోషించాడు కూడా. మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేది, కాస్త ఆయాసపడుతూ, బుగ్గలు ఎర్రబడి. వచ్చి బంగాళాదుంపలు ఒలవడానికి కూర్చునేది.

ఆగస్టులో ఒక రోజు ఆమె పీల్చే మందు బల్ల మీద మరిచిపోయింది. అతను దాన్ని జేబులో వేసుకుని నొలాస్కో చెల్లెలింటికి వెళ్లాడు. ఆ చెల్లెలు తలుపు తీసి, మీ ఆవిడ ఇంతవరకూ మా గడప తొక్కలేదే, పొద్దున్నే శ్మశానం వైపు పోతుంటే చూస్తుంటాను, ఎవరున్నారక్కడ మీవాళ్లు అని అడిగింది.

శ్మశానం ఊరికి పైన, కొండవాలు మీద. దారి నిటారుగా ఉంటుంది. ఎక్కుతుంటే అతనికే దమ్ము ఆడలేదు, ఆమె ఎలా ఎక్కుతోందో, ఎన్నిచోట్ల ఆగుతోందో. దారి పక్క మంచులో ప్రతి ఇరవై అడుగులకీ ఒక గుంట ఉంది, మనిషి కూర్చున్న గుంట. వాటిని లెక్కపెట్టకుండా ఉండలేకపోయాడు. పదకొండు. చివరి గుంట దాటగానే తల మీంచి ముసుగు లాగినట్టు తెల్లదనం పోయింది. నీలి ఆకాశం. ఎండ. అక్కడ సమాధుల మీద చిన్న చిన్న చెక్క ఇళ్లు కడతారు, చూరూ కిటికీ అన్నీ ఉంటాయి. అలాంటి ఒక ఇంటి అరుగు మీద, ఎవరో తెలియని మనిషి సమాధి పక్కన, జునిల్దా రెండు శాలువాలు కప్పుకుని మాతె తాగుతోంది. కింద ఊరు లేదు. ఒక తెల్లటి మూత ఉంది, అందులోంచి చర్చి శిలువ మాత్రం పైకి లేచి ఉంది.

అతను చాలాసేపు ఆ మూతనే చూశాడు. వాసన తెలిసింది. లెంగా. పూర్తిగా ఎండిన లెంగా.

మందు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"జూన్ నుంచి."

"నాతో చెప్పొచ్చుగా."

ఆమె బుర్రకాయలో నీళ్లు పోసి అతని చేతికిచ్చింది. "లారీ అమ్మేశావుగా," అంది.

దెప్పుతున్నట్టు అనలేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది. అతను ఆ అరుగు మీద కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని, పీల్చలేకపోయాడు. నీళ్లు చల్లారిపోయాయి.

అక్కణ్ణుంచి అతను ఇక ఆగలేదు. నొలాస్కో ఇంటిని సగం ధరకి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుంటూ, గాలి కోసం డబ్బు పోగొట్టుకునే మనిషిని నా జన్మలో ఇదే చూడడం అన్నాడు, అందులో వెటకారం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. రదాల్‌లో దోన్యా ఎర్సీరాకి కబురు పెడితే, మోడుచెట్ల ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది, గాలి తప్ప ఎవరూ అడగలేదు అని జవాబొచ్చింది. కొనడానికి చాలలేదు, అద్దెకు తీసుకున్నాడు. సెప్టెంబరు మొదట్లో ఒకరి ట్రక్కులో మంచం, పొయ్యి, ఉన్ని మూటలు వేసుకుని బయల్దేరారు. మైదానం మీదికి రాగానే గాలి ట్రక్కుని పక్కకి నెట్టింది. డ్రైవరు బూతులు తిట్టాడు. జునిల్దా కిటికీ అద్దం దింపి మొహం బయటపెట్టింది. అతను వద్దనబోయి మానుకున్నాడు.

"అదే వాసన," అంది ఆమె. "ఏమీ వాసన లేకపోవడం."

మొదటి ఆదివారం ఎర్సీరాతో కలిపి తొమ్మిది మంది వచ్చారు, తలా ఒక తడిగోనె పట్టుకుని. కుస్తోదియో అప్పటికే గుంటలు తవ్వడానికి పార తీశాడు. జునిల్దా పడమటి కిటికీ పక్కన కుర్చీలో ఉంది. వచ్చినవాళ్లని పేరుపేరునా పలకరించింది, కొమ్మలు ముట్టుకుని చూసింది. తరవాత మెల్లిగా, ఈ వైపు మాత్రం నాటొద్దమ్మా అంది.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ మాట ఆ ఊళ్లో ఎవరూ అని ఉండరు.

"గాలికి అడ్డం పెట్టకపోతే ఎలాగమ్మా? రేపు కప్పు లేచిపోతే తప్పు నా మీద పెట్టకు," అంది ఎర్సీరా.

"పెట్టనులే. కొన్నాళ్లు రానీ దాన్ని. చాలా రోజులైంది చూసి."

ఎర్సీరా ఆమె పెదాల మీది నీలం రంగు చూసి, బకెట్ తేవడానికి వెళ్లింది. తొమ్మిది కొమ్మలూ ఉత్తరపు గోడ వారన నీళ్ల బకెట్లో పెట్టారు. గొర్రెకి డబ్బు లేదు, ఎర్సీరాయే తన గొర్రెను కాల్చింది.

పట్నం నుంచి నెలకోసారి వచ్చే డాక్టరు అదే అమ్మాయి. చెవికి గొట్టాలు పెట్టుకుని విని, గుమ్మం బయటికి వచ్చి, గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే పక్కకి తోసుకుంటూ, ఇక్కడికి ముందే వచ్చి ఉండాల్సింది దోన్ కుస్తోదియో అంది. ఆ ఒక్క చలికాలమే దెబ్బతీసింది అంది. ఇంకా ఏదో అంది గాని గాలికి వినబడలేదు, మళ్లీ చెప్పమని అతను అడగలేదు.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు. గాలి ఒక్క రోజు మానలేదు. జునిల్దా తలగడ ఎత్తు పెంచుకుంటూ పోయింది, అల్లిక మాత్రం ఆపలేదు. ఇల్లు మూలుగుతుంటే ఇతను పడమటి కిటికీ సందుల్లో పాతగుడ్డలు కూరేవాడు, పుట్టిన దగ్గర్నుంచీ చేసిన పని, చెయ్యి దానంతటదే పోయేది. జనవరి మూడో వారంలో, పట్టపగలు, సరస్సు మీద తెల్లటి నురగలు పరుగెడుతుంటే, ఆమె చెయ్యెత్తి కిటికీ చూపించింది.

"ఆ గుడ్డలు తీసెయ్యి, ముసలాయనా."

ఒక్కొక్కటే లాగేశాడు. తెర లోపలికి ఉబ్బింది, దిగింది, మళ్లీ ఉబ్బింది. ఆమె దాన్ని చూస్తూ, దానితో పాటు ఊపిరి తీసుకుంది కొంతసేపు. తరవాత తెర ఒక్కటే కదులుతూ ఉంది. అది అతను వెంటనే గమనించలేదు.

బకెట్లోని కొమ్మలు అప్పటికి తెల్లటి వేళ్లు వేశాయి. ఎవరూ ఆ మాట ఎత్తకుండా ఒక నెల ఆగారు. తరవాత ఎర్సీరా వచ్చి, ఇప్పుడైనా నాటుకో, వేసవి దాటితే పట్టవు, రాబోయేది నీ ఒక్కడి చలికాలం అంది. అతను బకెట్ ఎత్తుకుని ఆమె వెంట నడిచి, తొమ్మిదీ ఆమె పెరట్లోనే, ఆమె ఇంటికి పడమట నాటాడు. ఏ కొమ్మ ఎవరిదో అడిగి మరీ నాటాడు. తన వాటా ఏమీ పెట్టుకోలేదు.

ఇది జరిగి ఆరేళ్లయింది. కుస్తోదియో ఆ రెండు గదుల్లోనే ఉన్నాడు. ఊరివాళ్లకి కట్టె చీల్చిపెడతాడు, కొనేముందు దుంగలు కొట్టి విని చెప్తాడు. తన పొయ్యి మాత్రం పిడికెడు పుల్లలతో సరిపెట్టుకుంటాడు, నీళ్లు కాగగానే ఆర్పేస్తాడు. కప్పు రేకులు మూడుసార్లు లేచిపోయాయి. ఒకటి దొరకనే లేదు. ప్రతిసారీ నిచ్చెన వేసుకుని ఎక్కి, మేకులు పళ్ల మధ్య కరిచి పట్టుకుని, గాలికి ఎదురుగా మొహం పెట్టి కొట్టుకుంటాడు. కింద నుంచి ఎర్సీరా తిడుతుంది, డెబ్భై దాటినవాడివి, పడి చస్తే ఈ గాలిలో నీ పెట్టె ఎవరు మోస్తారు అని.

చలి తగ్గిన మొదటి ఆదివారం ఎవరో ఒకరు ఇప్పటికీ తడిగోనెలో కొమ్మ చుట్టుకుని అతని గుమ్మంలోకి వస్తారు. లోపలికి పిలుస్తాడు, మాతె పోసిస్తాడు, వాళ్ల గొర్రెల సంగతి అడుగుతాడు. లేచేటప్పుడు కొమ్మ వాళ్ల చేతికే తిరిగి ఇస్తాడు.

"ఈ ఏడాదికి వద్దులే," అంటాడు.